బ్రింగింగ్ అప్ బేబీ (1938): చిరుత షాట్లు, చిరిగే గౌను, మాట మీద మాట. ఎలా చేశారు?

#1 కొత్తకలం

అందరికీ నమస్కారం. ఇరవై నిమిషాల తెలుగు పొట్టి సినిమాకి స్క్రిప్టు రాస్తున్నాం. పొంతన లేని ఇద్దరు, ఒకటిన్నర రోజు, ఆద్యంతం గందరగోళం. నమూనాగా హోవర్డ్ హాక్స్ తీసిన బ్రింగింగ్ అప్ బేబీ పెట్టుకున్నాం. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు: డేవిడ్ హక్స్‌లీ (కేరీ గ్రాంట్) మ్యూజియంలో నాలుగేళ్ళుగా బ్రాంటోసారస్ అస్థిపంజరం నిలబెడుతున్నాడు. ఒక్క ఎముక తక్కువ, అది రేపొస్తుంది. పెళ్ళీ రేపే. పది లక్షల డాలర్ల విరాళం కోసం పీబాడీ అనే లాయర్ని మంచి చేసుకోవాలని గోల్ఫ్‌కి వెళ్తే, అక్కడ సూసన్ వాన్స్ (క్యాథరీన్ హెప్‌బర్న్) తగులుతుంది. ఆవిడ ద్వారా బేబీ అనే పెంపుడు చిరుత కూడా తగులుకుంటుంది. ఆ తర్వాత ఆయన బతుకు ఆయన చేతిలో ఉండదు.

మూడు సందేహాలు. చిరుతపులిని, నటుల్ని ఒకే ఫ్రేములో ఎలా పెట్టారు? హోటల్లో గౌను చిరిగే ఘట్టం అంత బాగా ఎందుకు పేలుతుంది? ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నా మనకి అన్నీ ఎలా అర్థమవుతాయి? మాకు పనికొచ్చేలా చెప్పగలరు.

#2 లెన్సుకన్ను

ముందు చిరుత సంగతి. మూడు పద్ధతులు కలిపి వాడారు.

మొదటిది, నిజంగానే పక్కపక్కన ఉంచి తీయడం. హెప్‌బర్న్ చిరుతతో ఉన్న షాట్లలో చాలావరకు అసలువే. గ్రాంట్‌కి మాత్రం దాన్ని చూస్తే వణుకు. అందుకని కాళ్ళకి ఒళ్ళు రాసుకునేలాంటి దగ్గరి పనులకి ఆయన బదులు డూప్‌ని పెట్టారు. ముఖం కనబడకుండా నడుము కిందనుంచి తీసిన షాటు వస్తే అనుమానించండి.

రెండోది బ్యాక్ ప్రొజెక్షన్. చిరుతని ముందే ఫిల్ము మీద తీసి, ఆ ఫిల్మును పలచటి తెర మీద వెనకనుంచి వేస్తారు. నటులు తెర ముందు నిలబడతారు. ప్రొజెక్టరు షట్టరు, కెమెరా షట్టరు ఒకే లయలో తెరుచుకోవాలి, తప్పితే వెనక బొమ్మ మినుకుమినుకుమంటుంది. గుర్తుపట్టడం తేలిక: వెనకున్న బొమ్మలో నలుపు నల్లగా ఉండదు, బూడిద తిరిగి ఉంటుంది. అది రెండుసార్లు ఫిల్ముకెక్కింది కాబట్టి గరుకుదనం కూడా ఎక్కువ.

మూడోది స్ప్లిట్ స్క్రీన్. ఈ సినిమా తీసిన ఆర్‌కేఓ స్టూడియోలో లిన్‌వుడ్ డన్ ఆప్టికల్ ప్రింటరు (తీసిన ఫిల్మును మళ్ళీ కొత్త ఫిల్ము మీదికి ఎక్కించే యంత్రం) మీద చేసిన పని ఇది. ఫ్రేములో సగం మూసి మనిషిని తీసిన ఫిల్ము, మిగతా సగం మూసి జంతువుని తీసిన ఫిల్ము, రెండూ ఒకే నెగటివ్ మీదికి చేరతాయి. గీత నిటారుగా, కదలకుండా ఉంటే పని సులువే. కానీ సూసన్ తాడు పట్టుకుని మొండికేసిన చిరుతని ఈడ్చుకొచ్చే చోట ఇద్దరూ కదులుతుంటారు కాబట్టి గీత కూడా వాళ్ళ మధ్యలో కదలాలి. తాడు మాత్రం ఆ గీతని దాటి తీరాలి. అతుకంతా తాడు మీదే ఉంది. ఆ షాటుని నెమ్మదిగా నడిపి, మనిషినీ జంతువునీ వదిలేసి తాడునే చూడండి.

మీరు ఈ రోజుల్లో చేసుకోవాలంటే:

ట్రైపాడ్ కాళ్ళ మీద ఇసుక సంచులు వేసి నేల మీద టేపుతో గుర్తు పెట్టండి. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, మూడూ మాన్యువల్‌లో ఉండాలి. ఒక్కటి ఆటోలో మిగిలినా రెండు టేకులూ కలవవు. మొదట నటుడితో, తర్వాత జంతువుతో, చివర ఖాళీ ఫ్రేము పది సెకన్లు. ఆ ఖాళీ ఫ్రేము మరిచిపోయేవాళ్ళే ఎక్కువ, తీరా అతికేటప్పుడు కావాల్సింది అదే. గీత ఎక్కడ వెళ్ళాలో ముందే తేల్చుకోండి: తలుపు చట్రం, సోఫా అంచు, కర్టెన్ మడత లాంటి చోట అతుకు దాక్కుంటుంది.

పాడయ్యేది ఎక్కువగా నీడ దగ్గర. నటుడి నీడ గీత దాటి అవతలి సగంలో పడితే అతికాక సగం నీడే మిగులుతుంది. ఆరుబయట అయితే రెండు టేకుల మధ్య పావుగంట దాటనివ్వకండి, ఎండ మారిపోతుంది. ఇంకోటి చూపు. జంతువు తల ఎత్తుకి ఒక కర్ర పాతి, దాని కొనకి రంగు టేపు చుట్టి నటుణ్ణి అక్కడే చూడమనండి. గాల్లోకి చూస్తే ప్రేక్షకుడికి క్షణంలో తెలిసిపోతుంది.

#3 రాజమండ్రి_రీలు

లెన్సుకన్ను గారు సాంకేతికం చెప్పేశారు, జంతువు సంగతి నేను కలుపుతానండి. ఆ చిరుత పేరు నిస్సా. తర్ఫీదు ఇచ్చినావిడ ఓల్గా సెలెస్ట్. షాటు బయట కొరడా పట్టుకుని నిలబడి ఉండేవారు. కథలో రెండు చిరుతలుంటాయి కదండీ, ఒకటి సాధువు బేబీ, ఇంకోటి సర్కస్ నుంచి తప్పించుకున్న క్రూర జంతువు. రెండు వేషాలూ నిస్సావే.

హెప్‌బర్న్ ఒంటికి సెంటు రాసుకునేవారు, ఆ వాసనకి చిరుత మెత్తబడుతుందని. అన్నీ సవ్యంగా సాగలేదు లెండి. ఆవిడ వేసుకున్న ఒక స్కర్టు తిరిగినప్పుడు అందంగా విచ్చుకోవాలని అంచులో చిన్న చిన్న లోహపు ముక్కలు వేసి కుట్టారు. ఆవిడ గిర్రున తిరిగేసరికి అంచు ఎగిరింది, చిరుత ఆవిడ వీపు మీదికి లంఘించింది. ఓల్గా కొరడాతో దాని తల మీద కొట్టి ఆపారు. ఆ తర్వాత చిరుతని సెట్లో ఇష్టానుసారం తిరగనివ్వలేదు. ఆ అంచు పిల్లికి ఊగే దారంలాంటిది, చిరుత కూడా ఆ జాతే కదండీ! కాబట్టి జంతువు ఉన్న షాటులో వేలాడే కుచ్చులు, ఊగే చున్నీలు, గలగలలాడే గాజులు వద్దని కాస్ట్యూమ్స్ వాళ్ళకి ముందే చెప్పేయండి.

హెప్‌బర్న్‌కి భయం లేదనడానికి ఇంకో ఆధారం: గ్రాంట్ డ్రెస్సింగ్ రూములోకి పైనున్న వెంటిలేటర్ లోంచి బొమ్మ చిరుతని పడేసింది ఆవిడే.

#4 కొత్తకలం

అద్భుతం. మా కథలో చిరుత బదులు ఏ జంతువు పెట్టినా ఫరవాలేదు. నిజం చిరుత దొరికే అవకాశం ఉంటుందా అసలు?

#5 లెన్సుకన్ను

ఆ ఆలోచన వదిలేయండి. ఎలుగుబంటి, కోతి, పులి, పాంథర్, సింహం, ఈ అయిదింటినీ ప్రదర్శనకి వాడటాన్ని కేంద్రం 1998 నోటిఫికేషన్‌తో నిషేధించింది. మన చిరుత అందులోకే వస్తుంది. కుక్క, మేక, కోడి పెట్టినా జంతు సంక్షేమ బోర్డు నుంచి షూటింగ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి, 2001 నిబంధనల ప్రకారం. దరఖాస్తులో ఏ జంతువు, ఏం చేస్తుంది, ఎక్కడ అన్నది రాయాలి. షూటింగ్ అయ్యాక చూసుకుందాం అనుకుంటే సెన్సార్ దగ్గర ఆగిపోతుంది.

#6 కత్తెరపని

ఇక గౌను. చాలామంది దాన్ని "బట్ట చిరిగితే నవ్వు" అని తీసిపారేస్తారు. బట్ట చిరగడం నవ్వు కాదు. ఆ ఘట్టంలో ఏది తర్వాత ఏదో విప్పి చూపిస్తాను, మీకే తెలుస్తుంది.

బార్ దగ్గర సూసన్ ఆలివ్ కాయ ఎగరేసి నోట్లో పట్టుకోవడం నేర్చుకుంటుంది. ఒకటి కింద పడుతుంది. డేవిడ్ దాని మీద కాలేసి జారి, తన టోపీ మీదే కూలబడతాడు. తర్వాత చేతి సంచీల తారుమారు: మానసిక వైద్యుడి భార్య పర్సు డేవిడ్ చేతిలోకొచ్చి, దొంగతనం ఆయన మీదికి వస్తుంది. వెళ్ళిపోబోతే సూసన్ ఆపుతూ కోటు పట్టుకుంటుంది, కోటు వెనక చీలుతుంది. ఇప్పుడు ఆవిడ కోపంగా మెట్లెక్కుతుంది. ఆయన కాలు ఆవిడ గౌను అంచు మీద ఉంది. వెనక భాగం మొత్తం ఊడొస్తుంది.

ఇక్కడ చూడండి. ఊడింది డేవిడ్‌కి తెలుసు, మనకి తెలుసు. ఆవిడకి తెలియదు. ఆయన నలిగిన టోపీతో వెనక అడ్డం పెడుతుంటాడు, ఆవిడ దాన్ని వేరేలా తీసుకుని దులపరిస్తుంది. నవ్వంతా ఈ కాసేపట్లో ఉంది, చిరిగిన క్షణంలో లేదు. చివరికి చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంటుంది. అప్పటినుంచి ఆవిడే బతిమాలుతుంది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు అతుక్కుని, కాలుకి కాలు కలిపి హాలు మధ్యలోంచి నడిచిపోతారు. తలుపు దగ్గర ఎవరు? ఏ లాయర్ కోసం డేవిడ్ పొద్దుటినుంచి తంటాలు పడుతున్నాడో ఆయనే.

కటింగ్ సంగతి: కెమెరా దాదాపు కంటి ఎత్తులో ఉండిపోతుంది, మనుషులు తల నుంచి పాదం దాకా కనబడతారు, క్లోజప్ జోలికి పెద్దగా పోరు. ఆవిడ ముఖానికి కట్ చేస్తే ఆయన టోపీ ఫ్రేములోంచి పోతుంది, జోక్ చచ్చిపోతుంది. ఇద్దరి తలలూ, ఆయన చెయ్యీ, ఆవిడ వీపూ నాలుగూ ఒకే ఫ్రేములో ఉండాల్సిందే.

మీరు తీసేటప్పుడు: గౌను వద్దు, లంగా ఓణీయో, శేర్వాణీయో పెట్టుకోండి. ఊడే ముక్కని వేరుగా కత్తిరించి కచ్చా కుట్టుతో పట్టించండి. ఒకే దారం, పొడుగు కుట్లు, చివర ముడి వేయకూడదు. ముడి వేస్తే దారం తెగదు, బట్ట అడ్డంగా చిరుగుతుంది. వెల్క్రో వద్దు, దాని చప్పుడు మైకులో ఆరునెలల దాకా వినబడుతుంది. టిచ్ బటన్లు పెడితే ఒకటి ఊడి రెండోది పట్టేస్తుంది. రెండు టేకులకి రెండు సెట్లు, ఒక రిహార్సల్ సెట్టు, దర్జీని లొకేషన్‌లోనే ఉంచుకోండి. చప్పుడు విడిగా తీయండి: పాత కాటన్ దుప్పటి అంచుకి చిన్న గాటు పెట్టి మైకుకి జానెడు దూరంలో ఒక్క ఊపున చింపండి. పాలిస్టర్ చింపితే కీచుమంటుంది, నవ్వు రాదు.

#7 వరంగల్_వాల్‌పోస్టర్

కత్తెరపని అన్న చెప్పింది ఒక్క సీన్ లెక్క. మొత్తం సినిమాకే గా లెక్క ఉన్నది. డేవిడ్ చేతిలకెల్లి ఏమేం పోతున్నయో వరుసగ రాసుకోన్రి: గోల్ఫ్ బంతి. కారు. టోపీ. కోటు. స్నానానికి పోతే ఒంటి మీది బట్టలు (సూసన్ ఇస్త్రీకి అని ఊర్లకు పంపిస్తది). డబ్బాల పెట్టిన ఎముక, కుక్క ఎత్తుకపోతది. పేరు, ఎందుకంటే విరాళం ఇచ్చే పెద్దమ్మ సూసన్ మేనత్తనే అని తెలిసి పేరు చెప్పొద్దని బతిమాలుకుంటడు. ఆఖరుకు జైలు. ఆ తర్వాత పెళ్ళి కూడ పోతది.

వరుస చూడున్రి. చేతిల ఉన్నదానితోని మొదలై, ఒంటి మీదికి వచ్చి, పేరు దాక పోతది. చిన్నదానికెల్లి పెద్దదానికి. పొరపాటున జైలును మొదట్ల పెట్టి బంతిని తర్వాత పెట్టిన్రనుకో, ఎవ్వడు నవ్వడు.

ఇంకొకటి. ఇద్దరు భిన్నంగ ఉంటే చాలు కథ నడుస్తది అనుకుంటరు చానమంది. నడ్వది. ఆమెకు ఆయన కావాలె, ఆయనకు ఎముక కావాలె, ఆయన దగ్గరికి రావాలంటె ఆమె ఎముకకు అడ్డం పడాలె. ఆమె వెంటబడ్తది, ఆయన ఉరుకుతడు. గీ కొసలు కట్టకుంట "వాడు గంభీరం, ఆమె అల్లరి" అని క్యారెక్టర్ షీటు రాస్తే రెండో పేజీకే బండి ఆగిపోతది.

పెళ్ళికూతురు ఆలిస్‌ను గూడ మర్వొద్దు. హనీమూన్ లేదు, మన బిడ్డ ఈ బ్రాంటోసారసే అంటది మొదటి సీన్లనే. ఆ ఒక్క మాటతోని మనం సూసన్ దిక్కు వెళ్ళిపోతం.

#8 ఉపశీర్షిక

మూడో ప్రశ్న నాకు ఇష్టమైనది. మాట మీద మాట వేసినా అర్థం చెడకపోవడానికి హాక్స్ చెప్పిన కిటుకు ఒకటుంది: వాక్యం మొదట్లో, చివర్లో అక్కర్లేని మాటలు పెట్టండి, అసలు మాట మధ్యలో ఉంచండి. ఎదుటివాడు చివరి మాటల మీద ఎక్కేసినా పోయేదేం లేదు. హిజ్ గర్ల్ ఫ్రైడే (1940)లో దీన్ని ఇంకా వేగంగా వాడాడు.

తెలుగులో దీన్ని ఉన్నదున్నట్టు దించితే బోర్లా పడతారు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, కాదు అవును కూడా ఆ క్రియకే అంటుకుని ఉంటాయి. "నేను మీ బంతి తియ్యలేదు" అన్న మాటని "తియ్య" దగ్గర ఎదుటివాడు తుంచేస్తే తీశాడో, తియ్యలేదో, తియ్యబోతున్నాడో ఎవరికీ తెలియదు.

దారి మన మాట్లాడే తెలుగులోనే ఉంది. క్రియని ముందుకి లాగి మిగతాది వెనక వేలాడదీయండి: "తియ్యలేదండీ నేను, మీ బంతిని, వింటున్నారా, ఆ బంతిని." కోపంలో ఉన్నవాళ్ళు అలాగే మాట్లాడతారు కూడా. చివర "చెబుతుంటే", "అబ్బా", "ఏమండోయ్" లాంటి తోకలు తగిలించండి. అవతలివాళ్ళు తోక మీద ఎక్కాలి, తల మీద కాదు. స్క్రిప్టులో ఎక్కాల్సిన చోట ఒక ఏటవాలు గీత పెట్టండి, లేకపోతే నటులు మర్యాదగా ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు.

పేజీకి నిమిషం అన్న లెక్క ఇక్కడ పనిచెయ్యదు. ఇరవై నిమిషాలకి ఇరవై పేజీలు రాస్తే పదిహేనుకే అయిపోతుంది. గడియారం పెట్టుకుని చదివించి చూసుకోండి.

మైకుల విషయం: ఇద్దరికీ చెరో లేపెల్ (బట్టలకి తగిలించే చిన్న మైకు), చెరో ట్రాక్. ఒక్క బూమ్‌తో (పొడుగు కర్రకి కట్టిన మైకు) తీస్తే తర్వాత ఒకరి గొంతు తగ్గించి ఇంకొకరిది పెంచడం కుదరదు. మాట మీద మాట ఉన్న టేకుని మధ్యలో కోసి ఇంకో టేకు అతకడం కూడా కష్టం, రెండో గొంతు ముక్క ఈ టేకులో వేలాడుతూ ఉంటుంది. షాటు మొదలు నుంచి చివరి దాకా ఒకటిగా బాగా వచ్చేదాకా తీయాల్సిందే.

తెలుగు సబ్‌టైటిల్ పెట్టేవాళ్ళకి ఒక బహుమతి ఉంది ఇందులో. గోల్ఫ్ మైదానంలో డేవిడ్ బంతి మీదున్న గుండ్రటి గుర్తు గురించి చెబుతాడు. సూసన్ "గుండ్రంగానే ఉంటుంది మరి, చదరంగా ఉంటే దొర్లుతుందా?" అంటుంది. ఇంగ్లీషులో ఏ మెలిక ఉందో తెలుగులో అదే మెలిక, ఒక్క అక్షరం మార్చకుండా కుదిరిపోయింది. ఇలాంటివి సినిమాకి ఒకటి దొరికితే గొప్ప.

ఇంకోటి: మేనత్తకి పరిచయం చేస్తూ సూసన్ కంగారులో ఆయన పేరు మిస్టర్ బోన్ అనేస్తుంది. "మిస్టర్ అస్థి" అని పెట్టి, అత్త దాన్ని "ఆస్తి" అని వినేలా చేస్తే? వారసురాలి ఇల్లు కదా.

#9 రాజమండ్రి_రీలు

@ఉపశీర్షిక గారు, అస్థి, ఆస్తి బాగుందండి, నవ్వొచ్చింది. కానీ ఒప్పుకోను. అక్కడ అసలు జోక్ పేరు వినడం గురించి కాదు. డేవిడ్ మనసంతా ఎముక మీదుంది, ఆ ఎముకే ఆయన పేరైపోయింది, ఆయన ఆ పేరుతో తలూపాల్సి వచ్చింది. సబ్‌టైటిల్ చదివేవాడి కన్ను ఆస్తి దగ్గర ఆగితే గ్రాంట్ ముఖం తప్పిపోతుంది. తెలుగు సినిమాలో అయితే వాడుకోండి, నిక్షేపంగా. సబ్‌టైటిల్‌లో మాత్రం "ఎముకల గారు" చాలండి.

#10 ఉపశీర్షిక

గ్రాంట్ ముఖం తప్పిపోతుంది అన్నది సరైన మాట. వెనక్కి తీసుకున్నాను. ఆ దెబ్బకి అసలు నియమం కూడా అదే: ఈ సినిమాలో సగం మాటలు సబ్‌టైటిల్‌లో వదిలేయాలి. రెండు వరుసల్లో ఇద్దరి మాటలూ కూరితే తెర కింద గోడ కట్టినట్టవుతుంది. ఎవరి మాట కథని కదిలిస్తుందో అదొక్కటి వేసి రెండోది గొంతుకి వదిలేయండి.

"బేబీ" మాత్రం బేబీగానే ఉంచాలి. మన ఇళ్ళల్లో బేబీ అని పిలిచే ఆడపిల్ల వీధికొకరుంటారు. డేవిడ్ కసాయి కొట్టుకి వెళ్ళి 30 పౌండ్ల మాంసం, అంటే పదమూడున్నర కిలోలు, అడిగి, అది బేబీకి అన్నప్పుడు తెలుగువాడికి ఇంకో మెట్టు ఎక్కువే నవ్వొస్తుంది.

#11 అస్థిపంజరం

ఎముక గురించి ఎవరూ మాట్లాడలేదే. సినిమాలో వాళ్ళు వెతికే "ఇంటర్‌కోస్టల్ క్లావికల్" అనే ఎముక ఏ జంతువుకీ లేదు. మొదటి మాటకి పక్కటెముకల మధ్యది అని అర్థం, రెండోది కంటె ఎముక. పక్కటెముకల మధ్యనున్న కంటె ఎముక అంటే మోచేతి మీది మోకాలిచిప్ప లాంటిది. వినడానికి శాస్త్రంలా ఉండాలి, తెలిసినవాడు పకపకా నవ్వాలి, రాసినవాళ్ళ ఉద్దేశం అదీ. మీ స్క్రిప్టులో కూడా వెతికే వస్తువుకి ఇలాంటి పేరు పెట్టుకోండి. నోరు తిరగనిదై ఉండాలి, పాత్రలు మాత్రం తడబడకుండా అనాలి.

బ్రాంటోసారస్ కథ ఇంకా వింత. 1879లో మార్ష్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. 1903లో రిగ్స్ అనే ఇంకో శాస్త్రవేత్త ఇది అంతకుముందు పేరు పెట్టిన అపాటోసారసే అన్నాడు. అంటే 1938లో డేవిడ్ లాంటి పండితుడు ఆ పేరు వాడకూడదు, మ్యూజియంలు మాత్రం వాడుతూనే ఉన్నాయి. 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన రెండూ వేరే అని తేల్చి పేరుని బతికించింది. డేవిడ్ 77 ఏళ్ళ తర్వాత గెలిచాడు.

బేబీని పంపింది బ్రెజిల్‌లో ఉన్న సూసన్ సోదరుడు. చిరుతపులి ఆఫ్రికా, ఆసియాల జంతువు, బ్రెజిల్ అడవిలో ఉండేది జాగ్వార్. ఇది తెలిసి చేశారో తెలియక చేశారో గానీ ప్రపంచంలో ఎవరూ పట్టించుకోలేదు, నేను తప్ప.

#12 కొత్తకలం

పేజీ నిండా నోట్సు రాసుకున్నాను. ఒక్కటి అంతుబట్టడం లేదు. ఇంత పకడ్బందీగా కట్టిన సినిమా విడుదలైనప్పుడు పోయిందంటారే, ఎందుకు?

#13 వరంగల్_వాల్‌పోస్టర్

పోయింది. 51 రోజుల్ల అయిపోవాలె అనుకున్నరు, 91 రోజులు పట్టింది: 1937 సెప్టెంబర్ల మొదలుపెట్టి 1938 జనవరిల ముగించిన్రు. ముందుగాల వేసిన లెక్క 7.7 లక్షల డాలర్లు, అయ్యింది దాదాపు 11 లక్షలు. నటులు నవ్వు ఆపుకోలేక టేకులు చెడుడు ఒక కారణం, చిరుత ఒక కారణం, డన్ చేసిన ఆప్టికల్ పని ఒక కారణం. గడువు దాటితే అదనం కట్టాలనే షరతులు పెద్ద జీతాల మీద పడ్డయి. న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్ల ఒక్క వారానికే తీసేసిన్రు. ఆర్‌కేఓకు సుమారు 3.65 లక్షల డాలర్లు మునిగినయి. పడమటి దిక్కు కొన్ని ఊర్లల్ల మంచిగనే ఆడింది, అది గుర్తుంచుకోవాలె. అదే ఏడాది మే నెలల థియేటర్ ఓనర్ల సంఘం ఒకటి "బాక్సాఫీసుకు విషం" అని పేర్లు అచ్చేసింది, అండ్ల హెప్‌బర్న్ పేరు ఉన్నది.

హాక్స్ సొంత వివరణ వేరే. తర్వాత ఇంటర్వ్యూలల్ల ఆయన చెప్పింది ఏందంటే, సినిమాల ఒక్కడు గూడ మామూలు మనిషి లేడు, అందరు పిచ్చోళ్ళే, అది నా తప్పు అని. తాగుబోతు తోటమాలి, జంతువుల అరుపులు అరిచే మేజర్, తలతిక్క పోలీసాయన. ఎవని పక్కన నిలబడి చూడాలె ప్రేక్షకుడు?

#14 కత్తెరపని

హాక్స్ మాటే అయినా నేను ఒప్పుకోను. మామూలు మనిషి ఉన్నాడు, ఆయన పేరు డేవిడ్. మొదటి అరగంట ఆయన ప్రతిసారీ చేసేది మనం చేసే పనే: నా బంతి ఇవ్వండి, నా కారు ఇవ్వండి, "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా పీబాడీ గారూ". ఆ కేక మళ్ళీ మళ్ళీ వస్తుంది చూడండి, అది మామూలు ప్రపంచానికి కట్టిన తాడు. ఇబ్బంది ఎక్కడంటే, కనెక్టికట్‌లోని మేనత్త ఇంటికి చేరాక ఆ తాడు తెగిపోతుంది. పీబాడీ కనబడడు, మ్యూజియం కనబడదు, డేవిడ్ కూడా కుక్క వెనక గుంతలు తవ్వుతుంటాడు. రాత్రి అడవిలో వెతికే భాగం సాగినట్టు అనిపించడానికి కారణం నాకు తెలిసి ఇదే.

మీ ఇరవై నిమిషాల్లో ఒక్కడిని ఉంచండి, ఏమీ విచిత్రంగా చెయ్యనివాణ్ణి. వాచ్‌మన్ కావచ్చు, కొరియర్ కుర్రాడు కావచ్చు. ప్రతి అయిదు నిమిషాలకీ వచ్చి మామూలు ప్రశ్న ఒకటి అడిగి పోవాలి. వాడికి జోకులు రాయకండి.

#15 రాజమండ్రి_రీలు

ఒక విషయం ఎవరూ అనలేదు. పేర్లు పడేచోట తప్ప ఈ సినిమాలో నేపథ్య సంగీతం దాదాపు లేదండి. ఉన్నది ఒక్క పాట, 1928 నాటి "ఐ కాంట్ గివ్ యూ ఎనీథింగ్ బట్ లవ్", అది కూడా చిరుతకి ఇష్టమని కథలోనే వస్తుంది. ఇంటి కప్పు మీదున్న చిరుతని దింపడానికి ఇద్దరూ కిందనుంచి ఆ పాట పాడతారు. నవ్వాల్సిన చోట టింగుటింగుమని వాయించడం మన దగ్గర అలవాటైపోయింది. ఒక్కసారి తీసేసి చూడండి. మాటల లయ నిలబడకపోతే రాతలోనే లోపం ఉన్నట్టు, వాయించి దాచకండి.

#16 వరంగల్_వాల్‌పోస్టర్

+1. ఇంకో చిన్నది: జైల్ల సూసన్ దొంగముఠా రాణి లెక్క గొంతు మార్చి డేవిడ్‌ను "జెర్రీ ది నిప్పర్" అంటది. అది గ్రాంట్ అంతకుముందు చేసిన ది ఆఫుల్ ట్రూత్ (1937)ల ఆయనను పిలిచిన పేరు. ఆ ముచ్చట తెలియనోళ్ళకు కథ ఎక్కడ ఆగది. లోపలి జోకు పెడితే గట్ల పెట్టాలె.

#17 కొత్తకలం

చిరుత స్థానంలో మేక, ఎముక స్థానంలో తాళపత్రం ఖాయం చేశాం. డబ్బాలోంచి దాన్ని కుక్క ఎత్తుకెళ్ళాలి. నేర్పించిన కుక్క కాదు, పక్కింటిది. ఎలా చేయించాలి?

#18 లెన్సుకన్ను

బ్రింగింగ్ అప్ బేబీలో ఎముక ఎత్తుకెళ్ళే కుక్క జార్జ్ వేషం వేసింది స్కిప్పీ, వృత్తి నటుడు. ది థిన్ మ్యాన్ (1934)లో ఆస్టా అదే, ది ఆఫుల్ ట్రూత్‌లో కూడా ఉంది. పక్కింటి కుక్క నుంచి అంత ఆశించకండి. పనిని మూడు ముక్కలు చేయండి.

డబ్బా దగ్గరికి రావడం: యజమానిని డబ్బా వెనక, ఫ్రేము బయట కూర్చోబెట్టండి. పిలవాల్సింది ఆయనొక్కడే, యూనిట్‌లో ఇంకెవరూ చప్పరించకూడదు. నోట కరుచుకోవడం: నకలు తాళపత్రాన్ని అట్టతో చేసి, కుక్క రోజూ ఆడుకునే గుడ్డముక్క అడుగున కట్టండి. మాంసం రసం పూస్తే కరుచుకోదు, అక్కడే కూర్చుని నాకుతుంది. పరుగు: యజమాని స్థానం మార్చి దూరంనుంచి పిలవాలి. తవ్వడం కావాలంటే నేల ముందురోజు తవ్వి, తడిపి, వదులుగా పూడ్చి, బెత్తెడు లోతులో బిస్కెట్ పెట్టండి. అంతకంటే లోతైతే వాసన అందక వదిలేస్తుంది.

అన్నం పెట్టకముందు తీయండి, ఒక్కో ముక్కకి నాలుగైదు టేకులు మించితే ఆపేసి నీళ్ళిచ్చి నీడలో పడుకోబెట్టండి. మేకనీ కుక్కనీ ఒకే ఫ్రేములో వదలకండి, పైన చెప్పిన ఖాళీ ఫ్రేము అప్పుడు పనికొస్తుంది. నకళ్ళు కనీసం ఆరు చేయించండి, మేక రెండు తింటుంది.